తొంభైరెండుకి గుండు

గుండు అంటే మీకు ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. తిరుపతి గుర్తొస్తుంది. లేదంటే పరీక్ష పేపరు మీద ఎర్రసిరాతో చుట్టిన సున్నా గుర్తొస్తుంది. నాకు జీడిపప్పు గుర్తొస్తుంది. పలాసలోగానీ కాశీబుగ్గలోగానీ ఏ కొట్టువాడినైనా అడగండి, విరక్కుండా చిట్లకుండా నిండుగా ఉన్న పప్పుని గుండు అంటాడు. నిలువునా రెండైతే బద్ద. అంతకన్నా చిన్నదైతే ముక్క. మూడింట్లోకీ గుండే గొప్ప, పెళ్ళి పాయసంలో పైన తేలేది అదే. ఈ కాస్త సంగతి తెలియని ఒక చదువుకున్న మనిషి మా ఊరొచ్చి నా చదువుని ముంచబోయాడు. ఏళ్ళు గడిచాయి. "ఇంకా ఎన్నాళ్ళు మోస్తావమ్మా, మరిచిపో" అని చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన మీద ఎంత మండుతుందో వాళ్ళ మీదా నాకు అంతే మండుతుంది.

నేను ఉద్దానం పిల్లని. మా ఊరికి దగ్గర స్టేషన్ పూండి. నాన్నకి కాస్త వరి, కొన్ని కొబ్బరి చెట్లు, తుఫాను తినగా మిగిలిన జీడితోట. అమ్మ కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరే పనికి వెళ్ళేది. నేను కాశీబుగ్గలోనే డిగ్రీ, కంప్యూటర్ల గ్రూపు. పొద్దున్నే ఇద్దరం ఒకే ఆటోలో పూండి వచ్చి, ఒకే బండెక్కి పలాసలో దిగేవాళ్ళం. అక్కడ అమ్మ ఫ్యాక్టరీ దారి పట్టేది, నేను కాలేజీ దారి పట్టేదాన్ని. విడిపోయేటప్పుడు అమ్మ రోజూ ఒకటే మాట అనేది. "బాగా సదూకో, మీ నాన్న మాట గుర్తెట్టుకో."

నాన్న మాట ఏమిటంటే, నన్ను డిగ్రీలో చేర్పించిన రోజు కాలేజీ మెట్ల మీదే ఆయన చెప్పేశాడు. "ఇనుకో. ఒక్కటి తప్పినా సదువు సాలు. మర్నాడే మీ అమ్మతో పేక్టరీకెల్దువు." మా పెదనాన్న కూతురు ఇంటర్లో తప్పి, సప్లీ రాస్తాను సప్లీ రాస్తాను అంటూ ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుంది. ఊళ్ళో పెళ్ళిలో కలిసినా, చావులో కలిసినా, మా పెదనాన్నని అందరూ అదే అడిగేవారు. ఆ అవమానం తమ్ముడిగా నాన్న కూడా పడ్డాడు. అందుకే అంత కరాఖండిగా చెప్పాడు. నాన్న చెడ్డవాడు కాదు, కానీ ఒకసారి మాటన్నాడంటే దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకి రాదు. ఇంట్లో మా అందరికీ అది తెలుసు.

మా కాలేజీ ఒక బట్టల షాపు పై అంతస్తులో ఉండేది. ల్యాబ్ కిటికీ తెరిస్తే జీడి పిక్కలు వేయించే ఘాటు లోపలికొచ్చి కళ్ళు మండేవి, మూస్తే ఉక్కపోసేది. సీ భాష మాకు కొత్త. ల్యాబ్ సారు కూడా మాకు కాస్త పెద్దవాడంతే, హరిశ్చంద్రపురం నుంచి వచ్చేవారు. పాఠం ఇంగ్లీషులో మొదలుపెట్టి, మా మొహాలు చూసి, రెండో నిమిషంలో మా భాషలోకి దిగిపోయేవారు. ఆయన చెప్పింది అర్థమయ్యేది. ఆ మాట ఒప్పుకోకపోతే నాది కూడా అన్యాయమే అవుతుంది.

మొదటి సెమిస్టర్లో గ్రేడు ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. విద్యార్థికి మూడు సబ్జెక్టుల్లో వచ్చిన మార్కులు తీసుకుని, సగటు కట్టి, ఏ గ్రేడో చెప్పాలి. ఎనభైకి పైన ఏ, అరవైకి పైన బి, నలభైకి పైన సి, ఆ కింద ఫెయిల్. ఇందులో ఏముంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని గబగబా రాసేశాను. ఎనభై అయిదు ఇస్తే సి అంది. తొంభై తొమ్మిది ఇచ్చినా సి. నా ప్రోగ్రాం దృష్టిలో క్లాసు ఫస్టూ, అత్తెసరు పాసూ ఒకటే. పక్కమ్మాయిది చూస్తే దానిదీ అంతే. ల్యాబంతా అంతే.

సారు నా వెనక నిలబడి చూశారు. "ఏటే, అందరికీ సీ పంచీసినావు?"

"నేను సరిగ్గానే రాశాను సార్, మిషనే తప్పు చెబుతోంది."

"మిషనుకేటి తెలుసు. అది పైనించి కిందకి సదువుకుంటా వత్తాది. మొదటి ప్రశ్నకి ఔనంటే ఇంక కిందకి దిగదు. నువ్వు ముందే నలభై దాటిందా అని అడిగినావు. తొంభై తొమ్మిది నలభై దాటింది కాదేటి? ఔనంది, సీ ఇచ్చి ఎల్లిపోనాది." ఇలా అని, ఆయన నన్ను వదిలేసి క్లాసంతటినీ అడిగారు. "మీ ఇళ్ళల్లో పప్పు ఏరినోల్లు ఎంతమంది?"

దాదాపు అందరి చేతులూ లేచాయి.

"ఏరినప్పుడు ముందేటి తీత్తారు?"

"గుండు!" అన్నాం.

"తరవాత?"

"బద్ద!"

"ఆ తరవాత?"

"ముక్క!"

"ముందే ముక్క తీత్తే ఏటవుద్ది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, బోర్డు మీదున్న ఏ బి సి లు చెరిపేశారు. ఎనభైకి ఎదురుగా గుండు, అరవైకి బద్ద, నలభైకి ముక్క అని రాశారు. నలభై కిందకి ఏం రాయాలని అడిగితే వెనక బెంచీ నుంచి ఎవరో "పొట్టు సార్" అన్నారు. అదీ రాశారు. ల్యాబంతా పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ రోజు తర్వాత మా బ్యాచ్‌లో ఎవరికీ ఆ వరస మళ్ళీ తప్పలేదు. అందరం ప్రింటులో ఇంగ్లీషు అక్షరాలతో గుండు, బద్ద, ముక్క అనే కొట్టి ప్రాక్టీసు చేశాం. "పరీక్షలో కూడా ఇలాగే రాయొచ్చా సార్?" అని నేనే అడిగాను. "ఔట్‌పుట్ ఏటి రాసినా పర్లేదే, లాజిక్కే ముఖ్యం" అన్నారు సారు. ఆయన అన్నారు. నా చెవులతో విన్నాను. ఇంకా చాలామంది విన్నారు.

ప్రాక్టికల్స్ రోజు వచ్చింది. బయటి జిల్లా నుంచి పరీక్ష తీసుకోవడానికి ఒక ఎక్స్‌టర్నల్ సారు వచ్చారు. ఏ కొండకెళ్ళి మొక్కు తీర్చుకుని వచ్చారో, తల నున్నగా, కొత్త రాగిచెంబులా మెరిసిపోతోంది. మావాళ్ళు వరండాలో పొద్దున్నుంచీ ఆయన్ని గుండు సార్, గుండు సార్ అనుకుని నవ్వుకుంటున్నారు. నేను అనలేదు. నేనేదో బుద్ధిమంతురాలినని కాదు, అంత తీరిక లేదు. చీటీలో ఏ ప్రోగ్రాం వస్తుందోనని రికార్డు మళ్ళీ మళ్ళీ తిరగేస్తున్నాను.

చీటీ విప్పితే గ్రేడు ప్రోగ్రాం. ప్రాణం లేచొచ్చింది. విద్యార్థి సగటు మార్కులని బట్టి తగిన మాట ప్రింటు చెయ్యమని ప్రశ్నలో ఇంగ్లీషులో ఉంది. తగిన మాట అనే ఉంది, ఏ అనీ బి అనీ లేదు. కావాలంటే ఆ చీటీ ఇప్పటికీ వాళ్ళ దగ్గర ఉండి ఉంటుంది, చూసుకోమనండి. నేను చేతులు అలవాటుపడ్డ ప్రకారం కొట్టుకుంటూ పోయాను. ముందు గుండు, తర్వాత బద్ద, తర్వాత ముక్క. ఒకచోట సెమీకోలన్ మరిచిపోతే కంపైలర్ తిట్టింది, పెట్టాను. తప్పుల్లేవంది. చెయ్యెత్తాను.

ఎక్స్‌టర్నల్ సారు వచ్చారు, ఆయన వెనకే మా ల్యాబ్ సారు వచ్చారు. మార్కులు ఇమ్మన్నారు. తొంభై, తొంభైరెండు, తొంభైనాలుగు ఇచ్చాను. సగటు తొంభైరెండు అని తెర మీద పడింది. దాని కింద పెద్ద అక్షరాల్లో గుండు అని పడింది.

ఆయన వంగి చదివారు. ఇంకోసారి చదివారు. తెలియకుండానే ఆయన చెయ్యి తల మీదికి వెళ్ళింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏంటిది?"

"గ్రేడు సార్."

"తొంభైరెండు మార్కులకి గుండా?"

"అవును సార్. ఎనభై దాటితే గుండే సార్."

ఇక ల్యాబ్ ఆగలేదు. అందరూ ఒక్కసారి పగలబడి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకు నవ్వుతున్నారో కూడా ఆ క్షణంలో తట్టలేదు. ఆయన మొహం కందగడ్డ అయింది. "ఎవరు నేర్పారు నీకు ఈ వెటకారం?" అన్నారు.

"మా సారే నేర్పారు సార్" అని నేను ల్యాబ్ సారు వైపు చూశాను.

ల్యాబ్ సారు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డారు. సార్, ఇది ఇక్కడ జీడిపప్పుకి వాడే మాట అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. తలెత్తి ఫ్యాను వైపు చూశారు. అది తిరుగుతోంది, అందులో చూడ్డానికి ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

"సార్, అది జీడిపప్పు సార్..." అని నేనే మొదలుపెట్టాను.

"గుండు కావాలా నీకు? ఇదిగో, తీసుకో గుండు." నా పేపరు మీద నిదానంగా, గుండ్రంగా, కొస కొసా కలిసేలా సున్నా చుట్టారు. "బయటికి నడు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన తల తడుముకున్నందుకు నా పేపరు మీద సున్నా పడింది. నా ప్రోగ్రాం తప్పని ఆయన అనలేదు. డెబ్భై ఇచ్చి చూడలేదు, ముప్పై ఇచ్చి చూడలేదు. వరస చూడలేదు, సగటు చూడలేదు. అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకైనా పట్టుకుని చూస్తారు. ఆయన కుండ మీద రాసిన పేరు చదివి కుండ పగలగొట్టారు.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. ఆయన మెత్తని మనిషి, ఎవరినీ ఒక మాట అనరు. ఆయన గదిలో ఎక్స్‌టర్నల్ సారు కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నారు. ఎదురుగా ప్లేటు నిండా నేతిలో వేయించిన జీడిపప్పు. పలాస వచ్చినవాళ్ళకి అది పెట్టకుండా ఎవరూ పంపరు. అందులో ఒక్క బద్ద లేదు, ఒక్క ముక్క లేదు. అన్నీ గుండ్లే, పెద్ద సైజువి. మా అమ్మలాంటి వాళ్ళు కళ్ళు పోగొట్టుకుని ఏరి పెడితే వచ్చినవి. ఆయన ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటున్నారు.

"సారు పెద్దమనసు చేసుకున్నారమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "మార్కుల కవరు ఇంకా సీలు వెయ్యలేదు. రేపు కూడా ఇక్కడే ఉంటారు. నువ్వు తప్పయిందని ఒక కాగితం రాసి, మీ నాన్నగారి సంతకం పెట్టించి తే. పాస్ మార్కులు వేస్తానన్నారు."

"నేనేం తప్పు చేశాను సార్?"

ఆయన ఇబ్బందిగా చూసి, "ఆ పదం..." అని ఊరుకున్నారు. ఆ పదం ఆయన నోట్లోంచి రాలేదు. పుట్టి పెరిగింది కాశీబుగ్గలో. సంక్రాంతికీ దసరాకీ స్టాఫుకి జీడిపప్పు ప్యాకెట్లు పంచే మనిషి, వాటి మీద ఏం రాసుంటుందో ఆయనకి తెలియదా?

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ప్లేటు వైపు చెయ్యి చూపించి, "సార్, ఇప్పుడు మీరు తింటున్నది గుండే సార్" అన్నాను.

"చూశారా, చూశారా! మీ ముందే మళ్ళీ అంటోంది!" అని ఎక్స్‌టర్నల్ సారు లేచి నిలబడ్డారు. ప్రిన్సిపాల్ గారు నన్ను చేతులతో తోసినంత పని చేసి బయటికి పంపేశారు. నాలుగు ముక్కల్లో చెబితే పోయేదాన్ని ఎవరూ చెప్పలేదు. తెలియనాయన మీద నాకున్న కోపం ఒక ఎత్తు. తెలిసి నోరు మూసుకున్న ఈ ఇద్దరి మీద ఉన్నది పది ఎత్తులు. కాలేజీకి వచ్చిన పెద్దమనిషికి కోపం వస్తే మిగతా పిల్లల మార్కులు ఏమవుతాయోనని భయపడ్డారని తర్వాత కొందరు సర్దిచెప్పారు. అందరి మార్కులూ కాపాడటానికి నా ఒక్కదాని నోరు కుట్టాలన్నమాట.

ఇంటికెళ్ళి చెప్పాను. అమ్మ ముందు నవ్వింది. "ఓలమ్మా, గుండని రాత్తే సున్నా ఎట్టీసినాడేటి? ఆయన ఏ ఊరోడే!" అని, తర్వాత నాన్న మొహం చూసి నవ్వు ఆపేసింది.

నాన్న పూర్తిగా వినలేదు. సున్నా అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. "నువ్వేటీ అనకపోతే ఆల్లు కాయితం ఎందుకడుగుతారు? ఆయన నెత్తి సూసి నవ్వుంటావు."

"నవ్వలేదు నాన్నా. నవ్వింది వేరేవాళ్ళు."

"నవ్వినా నవ్వకపోయినా పెద్దోల్లు అడిగినప్పుడు తప్పయింది అంటే నోరేటి అరిగిపోదు. రేపు నానొత్తాను, సంతకం ఎట్టీద్దాం."

"నేను పెట్టను."

"మరైతే తప్పినట్టే. తప్పితే ఏటన్నానో గుర్తుందా?" అని, నావైపు చూడకుండా, గొంతు తగ్గించి అన్నాడు. "నా మాట నాను మింగలేనే. నువ్వే కాస్త తగ్గు."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నన్ను ఫ్యాక్టరీకి పంపడం ఆయనకి ఇష్టం లేదని అర్థమైంది. ఆ కాగితం మీద సంతకం పెడితే నా చదువూ ఆయన మాటా రెండూ దక్కుతాయి. పోయేదల్లా నా మర్యాద ఒక్కటే, అది నాన్న లెక్కలో లేదు. అన్నం తినకుండా పడుకుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆమె వేళ్ళ చివర్లు జీడి జిగురుకి నల్లబడి ఉండేవి ఎప్పుడూ. ఆ చేత్తోనే నా వీపు రాసింది, రాయమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

మర్నాడు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళగానే ఇద్దరికీ చేతులు జోడించాడు. ఎవరికీ ఎప్పుడూ తల వంచని మనిషి అలా వంగి నిలబడితే నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. "సిన్నపిల్ల బాబూ, తెలీక సేసింటాది, మనసులో ఎట్టుకోకండి" అన్నాడు. ఎక్స్‌టర్నల్ సారు తల పంకించారు. కాగితం వాళ్ళే రాయించి ఉంచారు. కింద నా సంతకానికో గీత, నాన్న సంతకానికో గీత.

నాన్న ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టడు. బ్యాంకులో కూడా అంతే, వెనక లైనులో ఉన్నవాళ్ళు గొణిగినా చదివే పెడతాడు. పైకి చదవడం ఆయన అలవాటు. "నేను... ప్రాక్టికల్ పరీక్షలో... పరీక్షకుల వారిని ఎగతాళి చేయు ఉద్దేశంతో... అసభ్య పదమును ముద్రించినందుకు..." అక్కడ ఆగాడు. వేలు ఆ మాట మీదే పెట్టి ఉంచాడు.

"అసబ్యమైన మాట ఏటి రాసినాది బాబూ?" అని అడిగాడు.

ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు. "అదేనయ్యా. మీ అమ్మాయి చెప్పే ఉంటుంది. గుండు."

"అది కాకుండా ఇంకేటన్నా రాసినాదా?"

"ఇంకేం లేదు."

నాన్న కలానికి మూత పెట్టి, కాగితం మీద పెట్టాడు. "మా గుంట మిమ్మల్ని సూసి నవ్విందంటే కాల్లట్టుకుంటాను బాబూ. నవ్వలేదంటంది, అయినా అట్టుకుంటాను. కానీ గుండు సెడ్డ మాటని మా ఇంట్లో ఎవులం సంతకం ఎట్టలేం. మా ఇంటిది పొద్దల్లా ఏరతాది దాన్ని. సెడ్డదైతే ఆ కూడెలా తింటాం?"

"ఏమయ్యా, నీకు అర్థం కావడం లేదు" అన్నారు ఎక్స్‌టర్నల్ సారు. "సంతకం పెట్టకపోతే మీ అమ్మాయి ఫెయిల్."

"ఫెయిలే కానీండి" అన్నాడు నాన్న.

వాళ్ళేం సిగ్గుపడలేదు. అలా జరిగిందని చెప్పుకుంటే నాకూ బావుండేది. ప్రిన్సిపాల్ గారు నిట్టూర్చి కాగితం సొరుగులో పెట్టుకున్నారు. ఎక్స్‌టర్నల్ సారు రెండో బ్యాచ్‌కి టైమైందని లేచి వెళ్ళిపోయారు. సాయంత్రం వెళ్ళేటప్పుడు కాలేజీవాళ్ళు ఆయన చేతికి జీడిపప్పు ప్యాకెట్ ఇచ్చి స్టేషన్‌కి దిగబెట్టారని తర్వాత మావాళ్ళు చెప్పారు. ప్యాకెట్ మీద ఏ పేరు రాసుందో చదివారో లేదో మరి.

పలాస స్టేషన్లో నాన్నా నేనూ బెంచీ మీద కూర్చున్నాం. ఫెయిల్ అన్న మాట ఆయనే స్వయంగా ఒప్పుకుని వచ్చాడు. ఇక అడక్క తప్పదని అడిగాను. "మరి నేను రేపట్నుంచి అమ్మతో వెళ్ళాలా?"

నాన్న పట్టాల వైపు చూస్తూ కూర్చున్నాడు. బాగా ఆలోచించే అన్నాడు.

"సంతకం ఎట్టనోన్ని నాను. తప్పించింది నాను. తప్పినోల్లు పేక్టరీకెల్లాలంటే నానే ఎల్లాల. మీ అమ్మ పక్కన నన్ను కూకోనిత్తారో లేదో అడగాల." అని, ఇంకా నేను నవ్వాలో ఏడవాలో తెలియక చూస్తుంటే, "నువ్వు మల్లీ రాయి. అదే కాలేజీలో, అదే బెంచీ మీద కూకోని రాయి" అన్నాడు.

రాశాను. పై ఏడాది సప్లీలో. కొద్దిమందిమే ఉన్నాం, చీటీలు కూడా తియ్యలేదు. నిరుడు ఎవరికి ఏది పోయిందో అదే రాయమన్నారు. ఈసారి వచ్చింది ఒక మేడం, తొందరలో ఉన్నారు. నేను అదే ప్రోగ్రాం, అదే వరసలో, అదే సగటుతో కొట్టాను. గుండు ఉన్నచోట ఏ, బద్ద ఉన్నచోట బి, ముక్క ఉన్నచోట సి అని పెట్టాను. పెడుతుంటే నా చేతుల మీద నాకే కోపం వచ్చింది. ఒక్క లాజిక్ మారలేదు. మారిందల్లా పేర్లే, అవి మావి కావు. నిరుడు సున్నా పడ్డ ప్రోగ్రాం ఈ ఏడాది మంచి ప్రోగ్రాం అయిపోయింది.

అంతటితో ఊరుకోబుద్ధి కాలేదు. సీ భాషలో ఒక సదుపాయం ఉంది. రెండు ఏటవాలు గీతలు గీసి, ఆ పక్కన మన ఇష్టమొచ్చింది రాసుకోవచ్చు. మిషన్ దాన్ని చదవదు, తెర మీద చూపించదు. ఈ లైను అర్థం ఏమిటో తర్వాత చదివే మనిషికి తెలియడానికి పెట్టుకుంటారు. ఏ అని ప్రింటు చేసే లైను పక్కన రెండు గీతలు గీసి, గుండు అని రాశాను. ల్యాబ్ సారు బెంచీల మధ్య తిరుగుతూ వచ్చి నా వెనక ఆగారు. ఆ లైను ఆయన కంట పడింది, నాకు తెలుసు, అక్కడే కాసేపు నిలబడిపోయారు. అప్పుడూ నోరు విప్పలేదు.

ఇప్పుడు నేను టెక్కలిలో ఒక కంప్యూటర్ సెంటర్లో సీ నేర్పుతాను. నా మార్కుల మెమోలో మొదటి సెమిస్టర్ ల్యాబ్ పక్కన సప్లీ గుర్తు ఇంకా అలాగే ఉంది. ఉద్యోగానికి వెళ్ళిన ప్రతిచోటా దాని మీద వేలు పెట్టి, మిగతావన్నీ బావున్నాయి, ఇదేమిటమ్మా అని అడిగారు. సీ ల్యాబులో తప్పిన మనిషి సీ ఎలా చెబుతుందని ఒకచోట మొహం మీదే నవ్వారు. మొదట్లో కథంతా చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడం మానేశాను. నా దగ్గరకొచ్చే పిల్లలు ప్రింటులో పాసైపోనావు అని రాసుకుంటారు, బేగి రా అని రాసుకుంటారు. వరస సరిగ్గా ఉంటే నేను ఏమీ అనను. పరీక్షకి వెళ్ళేముందు మాత్రం ఏ బి సి లు పెట్టుకోమని నేనే చెబుతాను. ఆ మాట చెప్పిన ప్రతిసారీ నోరు చేదవుతుంది.

సప్లీ ఫలితాలు వచ్చిన రోజు నాన్న వాకిట్లో జీడి పిక్కలు ఎండబోస్తున్నాడు. నేను ఫోన్లో చూసుకుని పరిగెత్తుకొచ్చాను.

"నాన్నా, ఏ గ్రేడు వచ్చింది!"

నాన్న చేతిలోని చేట కింద పెట్టి నడుం ఎత్తాడు. "నన్నడుగుతావేటే? ఏ గ్రేడొచ్చిందో నువ్వు గదా సెప్పాల."

"అదే నాన్నా. ఏ వచ్చింది. ఏ."

"ఏదే?"

నేను ఊపిరి తీసుకున్నాను. "గుండు నాన్నా."

"అలగ సెప్పు" అని నాన్న మళ్ళీ వంగి పిక్కలు పరచసాగాడు.